పాత ఊళ్లు, పాత బట్టలు: హోమ్‌స్కూల్ పిల్లలతో అమెరికా చరిత్ర (తరచుగా అడిగే ప్రశ్నలు)

అమెరికాలో ఉంటూ పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తెలుగు తల్లిదండ్రులు చరిత్ర దగ్గరకొచ్చేసరికి ఎక్కువగా అడిగేవి ఈ ప్రశ్నలే. మేముండేది వర్జీనియాలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇటువైపువే, మిగతా రాష్ట్రాల వాళ్లకి పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

పుస్తకం చదివితే చాలదా? ఇంత దూరం కారేసుకుని తిరగడం ఎందుకు?

పుస్తకం కావాలి, చదివే వెళ్లాలి కూడా. కానీ "1607లో 104 మంది మగవాళ్లు, కుర్రాళ్లు జేమ్స్‌టౌన్‌లో దిగారు" అన్న వాక్యం పదేళ్ల పిల్ల కళ్ల ముందు నుంచి అలా జారిపోతుంది. అదే పిల్ల జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ రేవులో వాళ్లొచ్చిన మూడు ఓడల నమూనాల్లో అన్నిటికంటే చిన్నదైన డిస్కవరీ ఎక్కి, కిందకి తొంగి చూసి, "నాలుగు నెలల పైగా ఇందులోనేనా? బాత్‌రూమ్ ఎక్కడ? ఇంతమందీ ఎలా పడుకున్నారు?" అని అడుగుతుంది. అక్కడ పాతకాలం బట్టల్లో ఉన్న నావికుడు ఓపిగ్గా జవాబు చెప్తాడు. ప్రశ్న పిల్ల నోటి నుంచి వచ్చింది కదా, ఆ జవాబు ఇక మర్చిపోదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తూర్పు తీరానికి రాగలిగితే జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్. మూడింటినీ 23 మైళ్ల కోలోనియల్ పార్క్‌వే అనే రోడ్డు కలుపుతుంది. బోర్డులు, పెట్రోల్ బంకులు, హోటళ్లు ఏమీ కనిపించని చెట్ల దారి. ఆంగ్లేయుల మొదటి శాశ్వత స్థావరం ఒక చివర, వాళ్ల సైన్యం ఆయుధాలు కింద పెట్టిన పొలం ఇంకో చివర. 1607 నుంచి 1781 దాకా 174 ఏళ్ల కథ ఒక కారు ప్రయాణంలో పడుతుంది.

ఒకటి ముందే తెలుసుకుని వెళ్లండి, జేమ్స్‌టౌన్ పేరుతో రెండు చోట్లున్నాయి. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అంటే అసలు నేల. కోట నదిలో కొట్టుకుపోయిందని చాలాకాలం అనుకున్నారు, 1994లో తవ్వకాలు మొదలయ్యాక దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ అంటే పక్కనే ప్రభుత్వం కట్టిన నమూనా ఊరు, ఓడలు ఉండేది ఇక్కడే. టికెట్లు వేరు. చిన్నపిల్లలకి సెటిల్‌మెంట్ ముందు, పన్నెండు దాటినవాళ్లకి తవ్వకాల చోటు ముందు అని నా అభిప్రాయం. ఎందుకంటే పెద్ద పిల్లలకి "ఇది మాకెలా తెలిసిందంటే" అన్న కథే అసలు కథ.

కోలోనియల్ విలియమ్స్‌బర్గ్ ఒక్క రోజులో అయిపోతుందా?

అవ్వదు, అవగొట్టాలని చూడకండి. 1699 నుంచి 1780 వరకు వర్జీనియా రాజధానిగా ఉన్న ఊరు ఇది. రాజధాని రిచ్‌మండ్‌కి వెళ్లిపోయాక నెమ్మదిగా పాతబడిపోతే, 1926లో రాక్‌ఫెల్లర్ అనే కోటీశ్వరుడి డబ్బుతో పునరుద్ధరణ మొదలైంది. ఇప్పుడు దాదాపు 300 ఎకరాలు. వీధుల్లో నడవడానికి టికెట్ అక్కర్లేదు, లోపలికి వెళ్లి దుకాణాలు, భవనాలు చూడాలంటేనే కావాలి. అందుకే మొదటి సాయంత్రం ఊరికే నడవండి. మర్నాడు పొద్దున్నే టికెట్ తీసుకుని రెండో మూడో పనులు మాత్రమే ఎంచుకోండి. కమ్మరి, ప్రింటర్, దర్జీ, విగ్గులు చేసేవాళ్లు, పీపాలు చేసేవాళ్లు అందరూ నిజంగా ఆ పనిని ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లే, నటులు కారు.

పిల్లలకి నచ్చే చోటు వేసవిలో ఇటుకల బట్టీ. చెప్పులు విప్పేసి గుంటలోకి దిగి మట్టి తొక్కడమే పని. మట్టి సమంగా కలిసిందో లేదో కాలికే తెలుస్తుంది. దాన్ని అచ్చులో వేసి ఆరబెడతారు, సీజన్ చివర్లో బట్టీ పెట్టి కాలుస్తారు. మోకాళ్ల దాకా మట్టితో బయటికొచ్చిన పిల్లాడికి ఆ ఊళ్లో ప్రతి ఇటుక గోడ వెనకా ఒక మనిషి కాళ్లున్నాయని విడిగా చెప్పక్కర్లేదు. ఆ కాళ్లు చాలావరకు ఎవరివి అన్న ప్రశ్న దగ్గరకి కిందికొస్తాను.

పిల్లలకి ఆ కాలం బట్టలు వేయడం నిజంగా అవసరమా? ఫొటోల కోసమే కదా?

ఫొటోల కోసమే అయితే మానేయండి. అక్కడే అద్దెకి ఇస్తారు, ఒక టోపీ తీసుకుంటే ఫొటో అయిపోతుంది. బట్టల వల్ల అసలు లాభం వేరు. పొడుగు గౌను వేసుకున్న పిల్ల మెట్లెక్కేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ గౌను పట్టుకోవడానికే పోతుందని తనే కనిపెడుతుంది. మరి చంటిపిల్లనెత్తుకుని, నీళ్ల బకెట్టు పట్టుకుని ఎలా ఎక్కేవాళ్లు? పొయ్యి ముందు కూర్చోవాలంటే ఎలా? అబ్బాయిలకి ఇంకో ఆశ్చర్యం: ఆ రోజుల్లో మగపిల్లలకి కూడా నాలుగేళ్లో, ఆరేళ్లో వచ్చేవరకు గౌన్లే వేసేవాళ్లు. మొదటిసారి ప్యాంటు తొడిగిన రోజు ఇంట్లో పెద్ద విశేషం.

ఆడవాళ్ల బట్టలకి జేబులు కుట్టేవారు కాదు. మన నాయనమ్మల బొడ్డుసంచిలాగే జేబు అన్నది విడిగా ఒక సంచి, నడుముకి నాడాతో కట్టుకుని పైన లంగా వేసుకునేవాళ్లు, లంగా పక్క చీలికలోంచి చెయ్యి పెట్టి తీసేవాళ్లు. ఆ సంచి కుట్టించడం మొదటి కుట్టుపనిగా చాలా బాగుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లలు చేత్తో కుట్టేయగలరు.

ఏం కొనాలి, ఏం కుట్టాలి?

1770ల అమ్మాయికి: లోపల తెల్లటి పొడుగు షిఫ్ట్, లంగా, పైన జాకెట్టు లేదా గౌను, ఏప్రన్, తలకి తెల్ల టోపీ. అబ్బాయికి: వదులు చొక్కా, మోకాళ్ల కిందికి బిగించే బ్రీచెస్, పొడుగు మేజోళ్లు, వెయిస్ట్‌కోట్, టోపీ. మన మామూలు కాటన్ లంగా బొందుతో సహా సరిపోతుంది, కొత్తది కొనకండి. పాత తెల్ల దుప్పటిలోంచి షిఫ్టూ టోపీ రెండూ వస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. పాలియెస్టర్ వద్దు. పార్టీ షాపుల్లో దొరికే "కోలోనియల్ గర్ల్" డ్రెస్సులు దాదాపు అన్నీ అదే. వర్జీనియా ఎండలో ఉడికిపోతారు, దానికి మించి ఈ ఊళ్లలో నిజంగా మండే నిప్పు ఉంటుంది, కమ్మరి కొలిమి ఉంటుంది. పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. నార బట్ట, ఉన్ని మంచివి. కాటన్ కూడా నిప్పు త్వరగా అంటుకునేదే, కాబట్టి ఏది వేసినా పొయ్యి దగ్గర గౌను వెనక్కి పట్టుకోమని ముందే చెప్పి పెట్టండి.

పెద్దవాళ్లు వేసుకోవచ్చా అంటే, ప్రతి చోటుకీ దాని నియమం ఉంటుంది. సందర్శకులు మిమ్మల్ని అక్కడి సిబ్బంది అనుకుని దారి అడుగుతారు, అందుకని కొన్ని చోట్ల ఒప్పుకోరు. వెళ్లే ముందు వెబ్‌సైట్ చూడండి.

అమ్మమ్మ పంపిన కలంకారీ గుడ్డ ఉంది, దాంతో కుడితే మరీ మన ఫ్యాషన్ షోలా అయిపోదూ?

అవ్వదు. ఈ మొత్తం పేజీలో నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇదే. 1600లు, 1700లలో యూరప్‌ని ఊపేసిన చింట్జ్ అనే పూల బట్ట ఎక్కువగా కోరమాండల్ తీరం నుంచే వెళ్లింది, అందులో మచిలీపట్నం పేరు పెద్దది. ఉతికితే రంగు పోని బట్ట అప్పుడు ఇంగ్లాండు వాళ్లకి చెయ్యడం రాదు. అక్కడి నేతగాళ్లు గోల పెడితే పార్లమెంటు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం చేసి సొంత దేశంలో ఈ బట్టల్ని నిషేధించింది. కానీ లండన్ గోదాముల్లో దింపి మళ్లీ బయటికి ఎగుమతి చెయ్యడానికి మాత్రం అడ్డు లేదు. అలా అమెరికా వలసలకి ఓడల్లో వచ్చేవి. కాబట్టి విలియమ్స్‌బర్గ్ వీధిలో కలంకారీ జాకెట్టు వేసుకున్న మీ అమ్మాయి పరాయి బట్ట వేసుకున్నట్టు కాదు.

ఒక తేడా చెప్పాలి: ఇప్పుడు పెడన, మచిలీపట్నంలో తయారయ్యేది ఎక్కువగా చెక్క అచ్చులతో వేసేది, నాటి ఖరీదైన చింట్జ్ మీద కలంతో చేత్తో గీసేవాళ్లు. అది కూడా ఇంట్లో చెయ్యొచ్చు. తెల్ల కాటన్ గుడ్డని కరక్కాయ పొడి కలిపిన చిక్కటి పాలలో నానబెట్టి ఎండబెట్టాలి. తుప్పు పట్టిన ఇనప మేకులు, బెల్లం, నీళ్లు ఒక సీసాలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తే కసిమి తయారవుతుంది. మూత బిగించకండి, గ్యాస్ వస్తుంది. వాసన కూడా గట్టిగానే ఉంటుంది, గరాజ్‌లో పెట్టండి. వెదురు పుల్ల చివర చెక్కి, గుడ్డ చుట్టి, కసిమిలో ముంచి ఆ పసుపురంగు గుడ్డ మీద గీస్తే గీత పలచగా పడి చూస్తుండగానే నల్లబడుతుంది. పిల్లలు ఒక్కసారిగా అరుస్తారు. కరక్కాయలో ఉన్న టానిన్, ఇనుము కలిసి నలుపు అవుతున్నాయని కెమిస్ట్రీ పాఠం కూడా ఆ పూటకి అయిపోతుంది. పాలలో కొవ్వు వల్ల గీత పాకిపోకుండా నిలుస్తుంది. నాటి ఎరుపుకైతే పటికతో గీసి చిరివేరు రంగులో ఉడికించేవాళ్లు. మనకి ఇక్కడ చిరివేరు దొరకదు, మంజిష్ఠ వాడండి.

పెద్ద పిల్లలకి దీని రెండో వైపు కూడా చెప్పండి. కోరమాండల్ తీరంలో నేసిన నీలం బట్టలే పశ్చిమ ఆఫ్రికాలో మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో ఉండేవి. మన నేతగాళ్లకి అది తెలియకపోవచ్చు. బట్ట మాత్రం అంత దూరం వెళ్లింది.

మా అమ్మాయి "నేను ఆ కాలంలో ఉంటే ఎవరినయ్యేదాన్ని?" అని అడిగింది. ఏం చెప్పాలి?

నిజం చెప్పండి. వర్జీనియా పాత రికార్డుల్లో 1635లో టోనీ అనే "ఈస్ట్ ఇండియన్" పేరు ఉంది. ఒక వలసదారు తీసుకొచ్చిన మనుషుల లెక్క చూపించి భూమి అడుగుతూ రాసిన జాబితా అది. 1700లలో వర్జీనియా వార్తాపత్రికల్లో పారిపోయిన నౌకర్ల కోసం వేసిన ప్రకటనల్లోనూ ఈస్ట్ ఇండియన్లు కనిపిస్తారు. ఏ ఊరు, ఏ భాష అన్నది వాటిలో రాయలేదు. అంటే మన రంగు మనుషులు ఆ ఊళ్లలో ఉన్నారు, ఎక్కువగా పనివాళ్లుగా, స్వేచ్ఛ లేనివాళ్లుగా ఉన్నారు. గవర్నర్ గారి అమ్మాయిలా డ్రెస్ వేసుకోవడంలో తప్పేం లేదు, ఆడుకోవడం పిల్లల హక్కు. కానీ ఆ ప్రశ్న వచ్చినప్పుడు దాటేయకండి. ఒకసారి పట్టు గౌను, ఇంకోసారి పనిమనిషి నార బట్టలు వేసి అదే వీధిలో నడిపించి చూడండి. వాళ్ల ప్రశ్నలు మారిపోతాయి.

నేటివ్ అమెరికన్ డ్రెస్ వేయొచ్చా?

వద్దు. ఈకల పట్టీలు, మొహానికి రంగులు అసలు వద్దు. అవి వాళ్ల సొంతం, కొన్ని గౌరవంగా ఇచ్చేవి, ఆడుకునే వస్తువులు కావు. మసాచుసెట్స్‌లో ప్లిమత్ పాటక్సెట్‌కి వెళ్తే తేడా బాగా తెలుస్తుంది. ఆంగ్లేయుల ఊళ్లో ఉన్నవాళ్లు 1620ల మనుషుల్లా నటిస్తూ మాట్లాడతారు. పక్కనే ఉన్న నేటివ్ ఇళ్ల దగ్గర పనిచేసే నేటివ్ మనుషులు సంప్రదాయ దుస్తుల్లో ఉన్నా నటించరు, ఈ కాలం మనుషులుగానే మాట్లాడతారు, మేమింకా ఉన్నాం అని చెప్తారు. మీ పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి, "మీరు నిజం ఇండియన్సేనా" లాంటి ప్రశ్నలు అడగకుండా. మనమూ అదే పేరున్నవాళ్లం కాబట్టి మన పిల్లలకి ఈ గందరగోళం ఇంకాస్త ఎక్కువ.

బానిసత్వం గురించి ఏ వయసులో చెప్పాలి?

ఆరేళ్లకే మొదలుపెట్టొచ్చు, ఏ వయసుకి ఎంత అన్నదే తేడా. విప్లవం నాటికి విలియమ్స్‌బర్గ్ జనాభాలో సగానికి పైగా నల్లజాతివాళ్లు, వాళ్లలో అత్యధికులు బానిసలు. ఇటుకల మట్టి తొక్కిన కాళ్లు చాలావరకు వాళ్లవే. ఈ మాట చెప్పకుండా ఆ ఊరు చూపిస్తే సగం ఊరిని దాచినట్టే.

చిన్నపిల్లలకి బ్రే స్కూల్ దగ్గర మొదలుపెట్టండి. 1760 నుంచి 1774 వరకు నల్లజాతి పిల్లలకి చదువు చెప్పిన బడి అది, ఎక్కువమంది బానిస పిల్లలే. ఆ బడి సాగిన భవనాన్ని గుర్తించి 2023లో కోలోనియల్ విలియమ్స్‌బర్గ్‌కి తరలించారు. తన వయసు పిల్లలు, చదువు వచ్చినా స్వేచ్ఛ లేదు. ఏడేళ్ల పిల్లకి ఈ రెండు ముక్కలు చాలు, మిగతాది తనే అడుగుతుంది. పన్నెండు దాటాక మాంటిచెల్లో, అంటే జెఫర్సన్ ఇల్లు. "మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారు" అని రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. ఆయన బానిసగా ఉంచుకున్న శాలీ హెమింగ్స్ గురించి 2018 నుంచి అక్కడ ప్రత్యేక ప్రదర్శన ఉంది, అది పిల్లలకంటే ముందు మీరు చూడండి. హాంప్టన్‌లో ఫోర్ట్ మన్రో అనే కోట కూడా వదలొద్దు. 1619లో ఆఫ్రికా నుంచి బందీలుగా తెచ్చిన వాళ్లని దింపింది ఆ తీరంలోనే. అంతర్యుద్ధం మొదలైన 1861లో ముగ్గురు బానిసలు పారిపోయి ఈ కోటకి చేరితే వెనక్కి ఇవ్వనని ఉత్తరాది సైన్యాధికారి చెప్పిందీ అక్కడే.

ఈ చోట్లకి వెళ్లే రోజు కాస్ట్యూమ్ వేయకండి. మామూలు బట్టలే వేయండి.

బోస్టన్ టీ పార్టీలో పారేసింది మన టీనేనా?

కాదు, అది చైనా టీ. అస్సాంలో ఈస్ట్ ఇండియా కంపెనీ టీ తోటలు వేసింది 1830లలో. 1773 డిసెంబర్ 16న బ్రిటిష్ టీ పన్నుకి నిరసనగా బోస్టన్ వాళ్లు సముద్రంలో పారేసిన 342 పెట్టెలూ చైనా సరుకే. బోస్టన్ మ్యూజియంలో పిల్లలతో ఒక టీ మూటని నీళ్లలోకి విసిరిస్తారు కూడా.

అయితే కంపెనీ మాత్రం మనకి బాగా తెలిసిన కంపెనీయే. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తా ఆంధ్రలో చాలా భాగం, చేజిక్కించుకున్న ఈస్ట్ ఇండియా కంపెనీ. ఇండియాలో యుద్ధాల ఖర్చు, బెంగాల్ కరువు, అమ్ముడుపోని టీ నిల్వలు అన్నీ కలిసి అది దివాలా అంచుకి వస్తే, దాన్ని బతికించడానికే 1773లో టీ చట్టం చేశారు. గోడ మీద రెండు టైమ్‌లైన్లు పక్కపక్కన గీయండి, ఒకటి బోస్టన్‌ది, ఒకటి మచిలీపట్నానిది. ఈ పాఠానికి ఇంతకంటే మంచి చార్ట్ లేదు.

యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్, మన పాఠ్యపుస్తకంలో కార్న్‌వాలిస్ ఒక్కరేనా?

ఒక్కరే! 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో ఆయన సైన్యం లొంగిపోయింది. ఒంట్లో బాలేదని చెప్పి తను రాలేదు, కత్తి ఇవ్వడానికి కింది అధికారిని పంపాడు. అంత ఓటమి తర్వాత కూడా 1786లో ఇండియాకి గవర్నర్ జనరల్ అయ్యాడు. టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేశాడు, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పెట్టాడు. ఆ పద్ధతే 1802 తర్వాత మన సర్కారు జిల్లాల్లోకీ వచ్చి జమీందారీలని గట్టిపరిచింది. సరెండర్ ఫీల్డ్ అనే ఆ ఖాళీ పచ్చిక మైదానంలో నిలబడి, తాతయ్యకి వీడియో కాల్ చేసి, జమీందారీ రోజుల గురించి ఆయన విన్నవి చెప్పించండి. ఆయన తన తాతల మాటలే చెప్తారు.

ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

చాలా చోట్ల హోమ్‌స్కూల్ డేస్ అని ఏడాదిలో కొన్ని రోజులు తక్కువ టికెట్‌తో పెడతారు. కోలోనియల్ విలియమ్స్‌బర్గ్, జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్, మసాచుసెట్స్‌లో 1830ల ఊరైన ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ ఇలాంటివే, తేదీల కోసం వాళ్ల మెయిలింగ్ లిస్టులో చేరండి. నాలుగో తరగతి చదివే పిల్లలకి జాతీయ పార్కుల ప్రవేశం ఎవ్రీ కిడ్ ఔట్‌డోర్స్ పాస్‌తో ఉచితం. హోమ్‌స్కూల్ పిల్లలకీ వర్తిస్తుంది, సెప్టెంబర్ నుంచి ఆగస్టు వరకు పనిచేస్తుంది. కాగితం ప్రింట్ కూడా తీసుకెళ్లండి. లైబ్రరీలో మ్యూజియం పాసులు ఉన్నాయేమో అడగండి. తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి, పులిహోర, దద్దోజనం ఉంటే శాకాహారులకి టెన్షన్ ఉండదు.

ఇదంతా చదువు కింద లెక్కకి వస్తుందా? ఏం రికార్డు పెట్టాలి?

హోమ్‌స్కూలింగ్ 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కానీ నియమాలు ఒకలా ఉండవు. టెక్సాస్‌లో దాదాపు ఏమీ అడగరు, న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, వర్జీనియాలో ఏటా ప్రగతి రుజువు చూపాలి. మీ రాష్ట్రం నియమం మీరే చదువుకోండి.

నేషనల్ పార్కుల జూనియర్ రేంజర్ పుస్తకం పూర్తిచేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. ఆ పుస్తకమే మంచి రికార్డు. దాంతోపాటు ప్రతి ప్రయాణం తర్వాత తెలుగులో ఒక పేజీ ఉత్తరం, అమ్మమ్మకో పెద్దమ్మకో. ఇంగ్లిష్‌లో విన్న పాఠాన్ని తెలుగులో చెప్పాలంటే పిల్ల నిజంగా అర్థం చేసుకుని ఉండాలి, కాపీ కొట్టడానికి కుదరదు.

అత్తయ్య, మామయ్య "బడి మానిపించి ఊళ్లు తిప్పుతున్నారు" అని బాధపడుతున్నారు.

వాళ్లొచ్చినప్పుడు ఒకసారి వెంట తీసుకెళ్లండి. కట్టెల పొయ్యి, మగ్గం, కమ్మరి కొలిమి వాళ్లకి తెలిసినంతగా అక్కడి సందర్శకుల్లో ఎవరికీ తెలియదు. మామయ్య గారు కొలిమి తిత్తి ఎలా ఊదాలో మనవడికి చెప్పడం మొదలుపెడితే అక్కడి కమ్మరి కూడా ఆగి వింటాడు.

మా పదమూడేళ్లవాడు డ్రెస్ వేసుకోనంటున్నాడు.

బలవంతం వద్దు. కెమెరా ఇవ్వండి, లేదా ఒక్కటే ప్రశ్న ఇచ్చి పంపండి: "ఇక్కడ ఎవరి కథ చెప్పట్లేదు?" ఆ వయసుకి ఇదే ఎక్కువ నచ్చుతుంది.

మేము కాలిఫోర్నియాలో ఉన్నాం. మాకేం ఉంది?

మీకు ఏంజెల్ ఐలాండ్ ఉంది. 1910 నుంచి 1940 వరకు పసిఫిక్ వైపు నుంచి వచ్చినవాళ్లని ఆపి ప్రశ్నించిన ఇమిగ్రేషన్ స్టేషన్, శాన్ ఫ్రాన్సిస్కో నుంచో టిబురాన్ నుంచో ఫెర్రీలో వెళ్లాలి. చైనావాళ్లు గోడల మీద చెక్కిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చినవాళ్లని కూడా అక్కడ ఆపారు. శాన్ ఫ్రాన్సిస్కోలోనే వుడ్ స్ట్రీట్‌లో గదర్ మెమోరియల్ ఉంది. ఇండియా స్వాతంత్ర్యం కోసం ఇక్కడి భారతీయులు 1913లో మొదలుపెట్టిన గదర్ పార్టీలో మన కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోవడానికి వచ్చిన దరిశి చెంచయ్య కూడా ఉన్నారు. తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి. ఫెర్రీకి జాకెట్లు తప్పకుండా పట్టుకెళ్లండి, వేసవిలో కూడా ఆ గాలి వణికిస్తుంది.